వెనక్కి తిప్పి చూస్తేనే కిల్ట్

ఎడిన్‌బరో, గ్లాస్గో, ఇన్వర్‌నెస్ లాంటి ఊళ్ళలో ఛారిటీ షాపులకి వెళితే ఒకే వరస హ్యాంగర్ల మీద రెండు రకాల బట్టలు కలగలిసి కనిపిస్తాయి. రెండూ గళ్ళవే. రెండిటికీ ముందు భాగం చదునుగా ఉంటుంది, వెనక కుచ్చిళ్ళుంటాయి. నడుం పక్కన తోలు పట్టీ, బకిల్ ఉంటాయి. ముందరి అంచున దారాలు వేలాడుతుంటాయి. ఒకటి స్కాట్లాండ్ మగవాళ్ళు పెళ్ళిళ్ళకీ వేడుకలకీ కట్టుకునే కిల్ట్. రెండోది అదే పోలికలో ఆడవాళ్ళ కోసం కుట్టిన టార్టన్ (స్కాటిష్ గళ్ళ) స్కర్టు. ధర చీటీ మీద మాత్రం చాలాసార్లు రెండిటికీ ‘కిల్ట్’ అనే రాసి ఉంటుంది. పాతబట్టలు అమ్మే వెబ్‌సైట్లలోనూ ఇదే పరిస్థితి. కొలతలిచ్చి చేత్తో కుట్టించుకునే కొత్త కిల్ట్‌కి కొన్ని వందల పౌండ్లు అవుతాయి కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో వెతకడం తెలివైన పనే. అక్కడ చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో స్నేహితుల పెళ్ళికి పిలుపు అందుకునే మన తెలుగువాళ్ళకీ ఈ దారి అనుకూలమే. చిక్కంతా ఆ రెండిటినీ వేరు చేసి చూడడంలో ఉంది. గళ్ళు, ముందు పొరకి గుచ్చే పిన్ను, వేలాడే దారాలు, చీటీ మీది పేరు ఇవన్నీ ఏ బట్టకైనా చవగ్గా తగిలించగలిగినవి. ఎక్కువ బట్ట, ఎక్కువ శ్రమ పెడితే తప్ప రాని గుర్తులు కొన్ని ఉన్నాయి. నమ్మాల్సింది వాటిని. అవి దాదాపు అన్నీ వెనక భాగంలో, లోపలి వైపున ఉంటాయి.

ముందుగా గళ్ళ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే కొనేవాళ్ళ చూపు మొదట ఆగిపోయేది అక్కడే. టార్టన్ లేకుండానే కిల్ట్ ఉంటుంది. లండన్ స్కాటిష్ అనే పాత సైనిక దళం కిల్టులు గళ్ళేవీ లేని మట్టిరంగు బూడిద బట్టవి. ఐర్లండ్ రెజిమెంట్ల బ్యాగ్‌పైపు కళాకారులు కట్టేది సాదా కుంకుమపువ్వు రంగు కిల్ట్. ఇటు చూస్తే టార్టన్ గళ్ళు దుప్పట్ల మీదా, గొడుగుల మీదా, బిస్కెట్ డబ్బాల మీదా, స్కూలు పిల్లల యూనిఫాముల మీదా ఉన్నాయి. ఇది ఫలానా వంశం గళ్ళు అని అమ్మేవాళ్ళు చెప్పే మాట కూడా కుట్టుపని గురించి ఏమీ చెప్పదు. వంశానికో గళ్ళ నమూనా అనే పద్ధతి గట్టిపడింది 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పటి సంబరం చుట్టూ. ఆ సంబరాన్ని నడిపించిన సూత్రధారి నవలాకారుడు వాల్టర్ స్కాట్. ప్రాచీన రాతప్రతి నుంచి తీసినవని చెబుతూ 1842లో అచ్చయిన ‘వెస్టియేరియం స్కోటికం’లోని నమూనాలు కల్పితాలని ఆ తర్వాత తేలింది. అయినా వాటిలో చాలా ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఇవాళ స్కాట్లాండ్ ప్రభుత్వం 2009 నుంచి నడుపుతున్న టార్టన్ రిజిస్టర్‌లో ఎవరైనా రుసుము కట్టి కొత్త నమూనా నమోదు చేయించుకోవచ్చు. గళ్ళకి చరిత్ర ఉంది, గౌరవమూ ఉంది. కానీ ఒక బట్ట కిల్టా స్కర్టా అనే ప్రశ్నకి గళ్ళ దగ్గర జవాబు దొరకదు.

జవాబు కోసం కిల్ట్ ఎలా పుట్టిందో కొంచెం చూడాలి. 16వ శతాబ్దం చివరి నాటికి స్కాట్లాండ్ ఎగువ ప్రాంతమైన హైలాండ్స్ మగవాళ్ళు కుట్టు లేని పెద్ద ఉన్ని దుప్పటిని నడుం దగ్గర మడతలు పెట్టి, బెల్టు బిగించి, మిగిలిన పై భాగాన్ని భుజం మీదికి వేసుకునేవారు. చీర కుచ్చిళ్ళలాగే ఆ మడతలూ కట్టుకున్న ప్రతిసారీ కొత్తగా పెట్టుకోవలసినవే. 18వ శతాబ్దంలో భుజం మీది భాగం పోయి నడుం కింది భాగం విడిగా నిలిచింది. 1746లో తెచ్చిన చట్టం మామూలు జనం ఆ దుస్తులు ధరించకుండా నిషేధించింది. 1782లో రద్దయ్యేదాకా వాటిని తొడిగే హక్కు సైన్యంలోని హైలాండ్ దళాలకే మిగిలింది. సైనికుడు రోజూ ఉదయాన్నే మడతలు సర్దుకుంటూ కూర్చోలేడు. శతాబ్దం ముగిసేసరికి మడతల్ని శాశ్వతంగా కుట్టేసిన కిల్ట్ వచ్చింది. ఇవాళ సంప్రదాయ కిల్ట్ అని మనం అంటున్నది దీనినే. ఒకే నిడివి బట్టని పెద్దగా కోయకుండా, కేవలం మడతలతోనే ఒంటికి సరిపడేలా తీర్చిన దుస్తు అది. స్కర్టు పుట్టుక వేరు. అది ముక్కలుగా కోసి, పక్కల జాయింట్లు వేసి, డార్టులు పెట్టి, జిప్పు బిగించి తయారుచేసేది. రెండిటి మధ్య తేడాలన్నీ ఈ ఒక్క తేడాలోంచి వచ్చినవే.

కాబట్టి బట్టని చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పాలి. మంచి కిల్ట్‌కి 8 గజాల బట్ట పడుతుందన్న మాట వినే ఉంటారు. అది డబుల్ పన్నా బట్ట 4 గజాలు తీసుకుని, నిలువునా రెండుగా చీల్చి, చివరలు కలిపితే వచ్చే నిడివి. ఆ జాయింటు ఏదో ఒక మడత లోపల దాక్కుని ఉంటుంది, బయటికి కనపడదు. 8 గజాలంటే 288 అంగుళాలు. ముందు భాగంలో ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు చదును పొరలకీ, వాటి అంచుల్లోని లోతైన మడతలకీ సుమారు 80 అంగుళాలు పోయాయనుకుందాం. మిగిలిన 200 పైచిలుకు అంగుళాలూ వెనక వైపు 20 అంగుళాల వెడల్పులో ఇమడాలి. గళ్ళ నమూనా ఒక చుట్టు 7 అంగుళాలైతే దాదాపు 28, 29 కుచ్చిళ్ళు వస్తాయి. ఒక్కొక్కటి బయటికి ముప్పావు అంగుళం కంటే తక్కువే కనిపిస్తుంది, మిగతా 6 అంగుళాల పైచిలుకు లోపలే ఉంటుంది. ఒక కుచ్చిలిని రెండు వేళ్ళతో పట్టి విప్పి చూడండి. వేలు లోతుగా, ఇంకా లోతుగా వెళుతుంటే అది కిల్ట్ లక్షణం. అంగుళమో, ఒకటిన్నర అంగుళమో పోయి ఆగిపోయిందంటే బట్ట ఆదా చేసి కుట్టిన స్కర్టు అయ్యే అవకాశమే ఎక్కువ.

కుచ్చిలి లోతు కంటే కూడా మెరుగైన సాక్ష్యం గళ్ళు వెనక ఎలా కూర్చున్నాయన్నది. కిల్ట్ కుట్టేవారికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అంత బట్ట లోపలికి మడిచేసినా వెనక నుంచి చూస్తే గళ్ళ నమూనా ఎక్కడా తెగకుండా ముందు భాగంలో ఉన్నట్టే కనిపించేలా మడవడం. రెండోది సైన్యంలో స్థిరపడిన పద్ధతి, ప్రతి కుచ్చిలి నడిబొడ్డునా ఒకే చార వచ్చేలా మడవడం. రెండిట్లో దేనికైనా ప్రతి మడతనీ కంటితో చూసి, నమూనాతో సరిచూసి, సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఆ పైన ఇంకో కష్టం. నడుం సన్నం, పిరుదులు వెడల్పు. డార్టు వేయకుండా ఆ తేడాని సర్దాలంటే ప్రతి కుచ్చిలీ కింద వెడల్పుగా మొదలై నడుం దగ్గరికి వచ్చేసరికి కాస్త కాస్త సన్నబడాలి. అలా సన్నబడుతూ కూడా చారలు పక్కకి జరగకూడదు. నడుం నుంచి పిరుదుల దాకా, అంటే కిల్ట్ మొత్తం నిడివిలో దాదాపు మూడో వంతు, ఆ మడతలు ఒకదానికొకటి కలిపి సన్నటి కుట్టుతో బిగించి ఉంటాయి. నన్నడిగితే కిల్ట్ అంటే ఈ మూడో వంతే. కింది కుచ్చిళ్ళు నడకలో అంత అందంగా ఊగేది పైన ఈ భాగం కదలకుండా పట్టుకుని ఉండబట్టే. చౌక స్కర్టులో ఈ కుట్టు నడుం పట్టీ దగ్గరే ఆగిపోతుంది, లేదా రెండు మూడు అంగుళాలు దిగి వదిలేస్తారు. మడతలు సమాన దూరంలో వేసుకుపోవడమే తప్ప గళ్ళతో పొత్తు ఉండదు. వెనక నుంచి చూస్తే చారలు ఎటంటే అటు తెగిపోయి ఉంటాయి.

ఇక లోపలి వైపు. పైభాగాన పలచటి నూలు లైనింగు, దాని వెనక మడతల బరువు మోయడానికి వేసిన కాన్వాసు ఉంటాయి. ఆ లైనింగు కుచ్చిళ్ళు కుట్టిన భాగం దాటి కిందికి దిగదు. కిందంతా ఉన్ని నేరుగా కాళ్ళకి తగులుతుంది. లైనింగు అంచు దాకా వేలాడుతుంటే అది స్కర్టే. జిప్పు ఉన్నా, నడుంలో ఎలాస్టిక్ ఉన్నా, పక్కల్లో నిలువు జాయింట్లు ఉన్నా అంతే. తర్వాత కింది అంచు చూడాలి. కిల్ట్ కోసం నేసిన బట్టకి మగ్గం మీద వచ్చిన నేత అంచే కింది అంచు అవుతుంది. దాన్ని మడిచి హెమ్మింగు చేయరు. ఇన్ని పొరల మడతల మీద హెమ్మింగు చేస్తే కింది భాగం మొద్దుబారి కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి. మామూలు డ్రెస్సు బట్టతో కుట్టిన స్కర్టుకి కింద మడత తప్పదు. ఎదిగే మగపిల్లల కిల్టులకి మాత్రం పొడవు పెంచుకునే వీలు కోసం కొందరు కింద మడత వదులుతారు. ఆ ఒక్క మినహాయింపు గుర్తుంచుకుంటే చాలు, అంచు చూడడం అర నిమిషం పని. అది చెప్పేంత ఖాయంగా చెప్పే గుర్తులు తక్కువ.

బరువు కూడా చెబుతుంది, కానీ అప్పుడప్పుడు తప్పు చెబుతుంది. కిల్ట్ బట్ట బరువును డబుల్ పన్నా గజానికి ఔన్సుల్లో లెక్కేస్తారు. గట్టి బట్ట గజానికి 16 ఔన్సులు. 4 గజాలకి 64 ఔన్సులు, అంటే సుమారు 1.8 కిలోలు. 13 ఔన్సుల బట్ట కూడా నాణ్యమైనదే, అది 1.5 కిలోల దాకా తూగుతుంది. అర కిలో తూగే గళ్ళ బట్టని పెద్దవాళ్ళ కిల్ట్ అని ఎవరైనా అమ్మితే అనుమానించాల్సిందే. అయితే హైలాండ్ నృత్యాలు చేసేవాళ్ళ కిల్టులకి గాల్లోకి సులువుగా లేవడం కోసం 10, 11 ఔన్సుల పలచటి బట్ట వాడతారు. కుట్టుపనిలో అవి అసలైన కిల్టులే. అందుకే తూకాన్ని కుచ్చిళ్ళ పనితో కలిపి చూడాలి, దాన్నొక్కదాన్నే పట్టుకోకూడదు.

ఎక్కడ బిగిస్తారన్న గుర్తునే చాలామంది మొదట చెబుతారు. మగవాళ్ళ కిల్ట్‌లో పై పొర తొడుక్కున్నవారి కుడి వైపున ముగుస్తుంది, ఆడవాళ్ళ స్కర్టులో ఎడమ వైపున అని. మగవాళ్ళ కిల్ట్ విషయంలో ఇది దాదాపు నియమమే కాబట్టి ఎడమ వైపు బిగించేదాన్ని పక్కన పెట్టేయవచ్చు. కుడి వైపు బిగిస్తే మాత్రం కిల్ట్ అని తేల్చేయలేం. ఆడవాళ్ళ స్కర్టులు కూడా కుడి వైపు బిగించేవి బోలెడన్ని ఉన్నాయి. ఫొటోలో చూసేటప్పుడు తొడుక్కున్నవారి కుడి మనకి ఎడమగా కనిపిస్తుందన్నది మర్చిపోకూడదు. అద్దంలో తీసిన ఫొటో అయితే మళ్ళీ తారుమారు. పట్టీల లెక్క దీనికంటే కాస్త నయం. సంప్రదాయ కిల్ట్‌కి సాధారణంగా మూడు ఉంటాయి. కుడి వైపు నడుం దగ్గర ఒకటి, పిరుదుల దగ్గర ఒకటి. మూడోది లోపలి పొర చివర మొదలై, ఎడమ వైపు బట్టలో చేసిన కాజా లాంటి చీలికలోంచి బయటికి వచ్చి బకిల్‌కి చేరుతుంది. ఆ చీలిక ఉంటే కుట్టినవాళ్ళకి కిల్ట్ నిర్మాణం తెలుసని అర్థం. చాలా స్కర్టుల్లో దాని బదులు లోపల ఒక బొత్తామో హుక్కో ఉంటుంది. పిన్ను, వేలాడే దారాలు ఎవరైనా పెట్టుకోవచ్చు. వాటి జోలికి పోనక్కర్లేదు. లోపలి చీటీలో 10, 12, 14 అని ఆడవాళ్ళ సైజు ఉంటే అనుమానించాలి. నడుం, పిరుదులు, పొడవు కొలతలు గానీ, కుట్టించుకున్నవారి పేరు గానీ ఉంటే మంచి సూచనే. సైన్యం వదిలించుకున్న పాత కిల్టుల్లో తయారీ సంవత్సరం, బ్రిటిష్ ప్రభుత్వపు బాణం ముద్ర కనిపించవచ్చు.

8 గజాలు లేనిది కిల్టే కాదా అని అడగవచ్చు. అలా అనడం అన్యాయం. తొలినాళ్ళ కుట్టు కిల్టులు 4 గజాల చుట్టుపక్కల బట్టతో, పెట్టె ఆకారపు వెడల్పాటి కుచ్చిళ్ళతో ఉండేవి. ఇప్పుడూ కొందరు ఆ పద్ధతిలో కుడుతున్నారు. రోజువారీ వాడుకకి 5 గజాలవీ వస్తున్నాయి. వీటిలో బట్ట తక్కువైనా గళ్ళతో సరిచూసిన మడతలు, నడుం దగ్గర సన్నబడే పని, నేత అంచు అలాగే ఉంటాయి. నేను గజాల కంటే కుట్టుకి ఎక్కువ విలువ ఇవ్వాలనడానికి ఇదే కారణం. మిషన్ కుట్టు మాటేమిటన్నది దీని వెంటే వచ్చే ప్రశ్న. చేతికుట్టు మెరుగని నా నమ్మకం, ఎందుకంటే దాన్ని విప్పి, సరిచేసి, మళ్ళీ కుట్టడం తేలిక, మడతల దగ్గర బట్ట ముడుచుకోదు. కానీ శ్రద్ధగా మిషన్ మీద కుట్టిన ఉన్ని కిల్ట్ కూడా సెకండ్‌హ్యాండ్‌లో మంచి బేరమే. దూరం పెట్టాల్సింది యాక్రిలిక్ బట్టతో, లోతు లేని మడతలతో పర్యాటకుల కోసం కుట్టేసిన వాటిని. వాటిలో చాలా పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వస్తాయి. అంతమాత్రాన ఆ ఊరి పనివాళ్ళని తక్కువ చేసి మాట్లాడడం తప్పు. బ్యాగ్‌పైపులు, బ్యాండు దుస్తులు ప్రపంచమంతటికీ పంపే ఊరది. చౌక ధరకి ఆర్డరిస్తే చౌక సరుకే వస్తుంది. కాబట్టి చీటీ మీది దేశం పేరు చూసి తీర్పు చెప్పకుండా ఇక్కడ కూడా బట్టనే తిరగేసి చూడాలి.

ఆడవాళ్ళది స్కర్టు, మగవాళ్ళది కిల్ట్ అని గీత గీయడం సరైనదేనా? కాదు. బ్యాగ్‌పైపు బృందాల్లో స్త్రీలు, హైలాండ్ నృత్య పోటీల్లో అమ్మాయిలు కట్టేవి నిర్మాణంలో నికార్సైన కిల్టులు. నేను చెబుతున్న తేడా తొడుక్కునేవాళ్ళది కాదు, కుట్టుది. పేరున్న కిల్ట్ తయారీదారులే ఆడవాళ్ళ కోసం కుచ్చిళ్ళ స్కర్టులు కూడా కుట్టారు. మంచి ఉన్ని, మంచి పనితనం, కానీ బట్ట తక్కువ, కుచ్చిళ్ళు పలచన. వాటిని నకిలీలనడం ఆ పనివాళ్ళకి అవమానం. స్కర్టుగా కొనుక్కుంటే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కిల్ట్ ధర పెట్టి కొంటేనే నష్టం. స్కర్టు నడుం కిందికి కూర్చునేలా కత్తిరించి ఉంటుంది, కిల్ట్ బొడ్డు దగ్గర బిగుస్తుంది. మగవాళ్ళు ఆ స్కర్టు కట్టి, బెల్టు పెట్టి, ముందు తోలుసంచీ వేలాడదీస్తే బరువుకి పలచటి బట్ట ముందుకు లాగేసి వెనక కుచ్చిళ్ళు విడిపోతాయి.

ఇంకో అభ్యంతరం చరిత్రకారుల వైపు నుంచి వస్తుంది. అసలు ఈ సంప్రదాయమే కల్పించుకున్నది కదా, దాని స్వచ్ఛత కోసం ఇంత పట్టింపు దేనికని. నడుం కింది భాగం మాత్రమే ఉన్న చిన్న కిల్ట్‌ని 1720ల్లో థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప వ్యాపారి రూపొందించాడని 1785లో అచ్చయిన ఒక లేఖ చెబుతోంది. దాన్ని ఆధారం చేసుకునే చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ 1983లో వచ్చిన ప్రసిద్ధ వ్యాస సంకలనంలో హైలాండ్ సంప్రదాయం ఆధునిక కల్పన అని వాదించాడు. రాలిన్సన్‌కి ముందే ఆ రూపం ఉందంటూ ఈ వాదనని కాదన్న పరిశోధకులూ ఉన్నారు. ఎవరి వాదన నెగ్గినా మన ప్రశ్నకి తేడా రాదు. మడతల్ని కుట్టి ఒంటికి తీర్చే విద్య మాత్రం రెండు శతాబ్దాలకి పైగా చేతి నుంచి చేతికి వచ్చింది. అది నేర్పే బడి స్కాట్లాండ్ లోని కీత్ పట్టణంలో నడిచింది. ఇప్పుడు ఆ పనివాళ్ళు తగ్గిపోతున్నారు. బ్రిటన్‌లో అంతరించే ముప్పున్న చేతిపనుల జాబితా తయారుచేసే హెరిటేజ్ క్రాఫ్ట్స్ సంస్థ కిల్ట్ తయారీని కూడా అందులో చేర్చింది. వంశాల గళ్ళ కథల్లో ఎంత కల్పన ఉన్నా ఆ 28 కుచ్చిళ్ళ వెనక ఉన్న శ్రమలో కల్పన ఏమీ లేదు. గౌరవించాల్సింది దాన్నే, డబ్బు పెట్టాల్సిందీ దానికే.

ఇక ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు బట్టని ముట్టుకోలేరు కదా అంటే, ఫొటోలు అడగగలరు. వెనక భాగం పూర్తిగా పరిచి తీసినది ఒకటి, లోపలి లైనింగు కనపడేలా ఒకటి, ఒక కుచ్చిలి విప్పి పట్టుకున్నది ఒకటి, కింది అంచు దగ్గరి నుంచి ఒకటి. ముందు భాగం ఫొటో ఎన్ని పంపినా పనికిరాదు. చిమ్మట తిన్న రంధ్రాలు కుచ్చిళ్ళ లోపల దాగి ఉండవచ్చు కాబట్టి వెలుతురుకి అడ్డంగా పట్టి చూడమని అమ్మేవారిని కోరవచ్చు. నడుం కొలత ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా బకిళ్ళు జరిపించుకుని సర్దుకోవచ్చు. పొడవు అలా కాదు. నేత అంచే కింది అంచు కాబట్టి విప్పి పెంచడానికి బట్ట ఉండదు, కింద కోస్తే ఆ అంచే పోతుంది. బొడ్డు నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా టేపుతో కొలుచుకుని, ఆ అంకె ముందు కుదిరాకే మిగతా బేరం మాట్లాడాలి. మామూలు ఎత్తున్న మగవారికి అది 24 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. 19, 20 అంగుళాలున్నదాన్ని పెద్దవాళ్ళ కిల్ట్ అని అమ్ముతుంటే, అది పిల్లల కిల్ట్ అయినా అయ్యుండాలి, స్కర్టు అయినా అయ్యుండాలి.